బొగ్గు నోరు మూయించే పని

రెండో అంతస్తు, దుప్పట్లు కట్టిన గది
ఆదివారం

అక్కా,

ఇక్కడ నేను క్షేమంగా లేను. నువ్వు నా నెత్తిన పెట్టి వెళ్ళిన బొగ్గు మాత్రం బ్రహ్మాండంగా ఉంది. వేళకి తింటోంది, ఎండలో కాళ్ళు చాపుకుని పడుకుంటోంది, మిగిలిన సమయమంతా మొరుగుతోంది. కొత్త చోటు కదా, నెమ్మదిగా సర్దుకుంటుందిలే అని ఇన్నాళ్ళూ ఓర్చుకున్నాను. సర్దుకోవాల్సింది నేనేనని దాని ఉద్దేశంలా ఉంది.

నా పని సంగతి నీకు తెలుసు. ఏ ఆఫీసుకో ఫోన్ చేస్తే "దయచేసి వేచి ఉండండి" అని వినిపించే గొంతుల్లో ఒకటి నాది. గోడలకి దుప్పట్లు కట్టుకుని, ఫ్యాను కూడా ఆపుకుని, చెమటలు కక్కుతూ చదువుతాను. మొన్న అలా చదువుతుంటే ఎవరో బెల్ కొట్టారు. అంతే, కొంప మునిగినట్టు మొరుగుడు. ఆ ముక్క కత్తిరించాననే అనుకున్నాను. లేదట. ఒక ఆసుపత్రికి ఫోన్ చేసినవాళ్ళందరికీ "మీ ఆరోగ్యమే మా" అన్నంతవరకూ నా గొంతు, ఆ తరవాత బొగ్గు గొంతు వినిపించాయట. విన్నవాళ్ళు నవ్వుకున్నారేమో గానీ, నాకు పని ఇచ్చే మేనేజరు నవ్వలేదు.

దీని మొరుగుడికి ఒక తీరూ తెన్నూ లేదు. పిల్లి దాని ముక్కు ముందు నుంచి నడిచి వెళ్ళినా తల ఎత్తదు. వీధిలో కుక్కలు కొట్టుకుంటున్నా పట్టించుకోదు. కెటిల్ ఈల వేస్తే మాత్రం ఆకాశం విరిగి మీద పడ్డట్టే. ఫోన్ మోగినా అంతే, మెట్ల మీద నుంచి ఎవరైనా నన్ను పిలిచినా అంతే. పోనీ మొరిగి ఊరుకుంటుందా, వచ్చి నా మోకాలిని ముక్కుతో పొడుస్తుంది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూస్తుంది. నేను కదలకపోతే మళ్ళీ వచ్చి పొడుస్తుంది. వినపడింది తల్లీ, నాకూ చెవులున్నాయి అని దానికి దండం పెట్టాను.

ఇంటి ఓనరమ్మ పైకి వచ్చి వెళ్ళింది. కింద ఆవిడ మనవరాలు పసిగుడ్డు. "మీరు నోరు పెట్టుకుని బతుకుతారు, సరే. మీ కుక్కకి కూడా అదే ఉద్యోగమా?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

నీకు ఫోన్ చేస్తే ఎత్తవు. ఉత్తరమే రాయమంటావు. పోస్టు డబ్బా ఎక్కడుందని అడిగితే ఈ వీధిలో నన్ను వింతగా చూస్తున్నారు. కుక్కని పెంచినదానివి నువ్వు. నోరు మూయించే ఉపాయం కూడా నువ్వే చెప్పు.

నీ తమ్ముడు

*

ఫ్యాక్టరీ క్వార్టర్స్, చివరి గది
శుక్రవారం

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాను. కోపం తెచ్చుకోకు. నీ గొంతు విని విసుగెత్తినవాళ్ళకి బొగ్గు కాస్త మార్పు ఇచ్చింది.

ముందు ఒక మాట చెప్పు. అది మొరిగినప్పుడు నువ్వు అరుస్తున్నావు కదూ? అరిచే ఉంటావు, నీ సంగతి నాకు తెలియదా! నువ్వు అరిస్తే వీడు కూడా నాతో కలిసి మొరుగుతున్నాడు అనుకుంటుంది. గట్టిగా మాట్లాడకు. మొరుగుతూ మొరుగుతూ ఊపిరికోసం ఆగుతుంది చూడు, ఆ క్షణంలో నెమ్మదిగా "చాలు" అను, ఒక బిస్కెట్ ముక్క పెట్టు. మొరిగితే ఏమీ రాదు, ఊరుకుంటే ముక్క వస్తుంది. అంతే దానికి అర్థం కావాల్సింది. తెలివిగలది, త్వరగానే పట్టుకుంటుంది.

ఇక్కడ ఎప్పటిలాగే ఉంది. కుట్టు హాలు నిండా మిషన్లు, ఏది మొరాయించినా నన్నే పిలుస్తారు. చప్పుడు విని రోగం చెప్పేస్తానని నాకు ఎలాగూ పేరుంది కదా, ఆ పేరుతో నా నడుము విరుగుతోంది. అందుకే ఫోన్ ఎత్తే ఓపిక ఉండదు. క్వార్టర్స్‌లో కుక్కలు ఉండకూడదన్న రూలు లేకపోతే దాన్ని నీ దగ్గర వదిలేదాన్నే కాదు. కాస్త ఓపిక పట్టు నాన్నా.

దాని చెవుల వెనక గోకుతున్నావా? అక్కడ గోకితే దానికి ఇష్టం.

అక్క

*

రెండో అంతస్తు, అదే గది
బుధవారం

అక్కా,

నీ ఉపాయం అద్భుతంగా పనిచేసింది, నా మీద.

నువ్వు చెప్పినట్టే చేశాను. మొరిగింది, ఆగింది, "చాలు" అన్నాను, ముక్క పెట్టాను. రెండు మూడు రోజులు నేనే గొప్ప గురువుననుకుని మురిసిపోయాను. ఇప్పుడది ఏ చప్పుడూ లేకపోయినా నా ముందుకు వచ్చి ఒక్కసారి మొరుగుతుంది. వెంటనే నోరు మూసుకుని, మర్యాదగా కూర్చుని, డబ్బా వైపు చూస్తుంది. ఊరుకుంటే ముక్క వస్తుంది కదా, ఊరుకోవాలంటే ముందు మొరగాలి కదా! దాని లెక్కలో తప్పేమీ లేదు. నేను దానికి నేర్పుతున్నానో అది నాకు నేర్పుతోందో తెలియక పిచ్చెక్కిపోతున్నాను. బిస్కెట్లు తిని లావెక్కింది కూడా.

నవ్వులాట కాదక్కా. ఓనరమ్మ తాడోపేడో తేల్చేసింది. నెలాఖరులోగా ఈ మొరుగుడు ఆగాలి, లేకపోతే కుక్కో నేనో బయటికి పోవాలి. దుప్పట్లు కట్టుకుని చదువుకోనిచ్చే ఇల్లు మళ్ళీ నాకు దొరకదు. మేనేజరు కూడా వేరే గొంతు కోసం చూస్తున్నాడని వేరేవాళ్ళ ద్వారా తెలిసింది.

ఇంకో సంగతి. వీధి చివర గోడౌన్ ఆయన వచ్చాడు. బొగ్గు మొరుగుడు విని ముచ్చట పడ్డాడు. "ఇట్లాంటిదే కావాలండీ నాకు. గేటు దగ్గర గొలుసేసి కట్టేస్తా. ఎవడొచ్చినా అరుస్తది, ఇంకేం కావాలి?" అన్నాడు. నేను ఆలోచించుకుని చెబుతానన్నాను. నిజంగానే ఆలోచిస్తున్నాను. నన్ను తిట్టుకో, నాకు వేరే దారి కనపడటం లేదు.

తమ్ముడు

*

ఫ్యాక్టరీ క్వార్టర్స్
శనివారం

ఒరేయ్,

గొలుసు మాట ఇంకోసారి ఎత్తావంటే నీకూ నాకూ మాటలుండవు. అది ఎప్పుడైనా గొలుసు ఎరుగునా? గోడౌన్ గేటు దగ్గర, లారీల దుమ్ములో, ఎవరు పడితే వాళ్ళు రాళ్ళు విసురుతుంటే పడుండాలా? ఆ మాట రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? చదివి నా ఒళ్ళు మండిపోయింది. ఆ రోజంతా పనిలో ఏది పట్టుకున్నా జారిపోయింది.

తప్పు కుక్కది కాదు, నీది. ఆగిన వెంటనే ముక్క పెట్టేస్తే ఎలా? ఆగాక కాసేపు ఊరుకోనివ్వు. రోజురోజుకీ ఆ కాసేపు పెంచుతూ పో. చప్పుడు లేకుండా వచ్చి మొరిగితే దాని మొహం కూడా చూడకు. మొరగకముందే నీ వైపు చూసిందా, అప్పుడు పెట్టు ముక్క. నీ బెల్ నువ్వే కొట్టుకో. బయటికి వెళ్ళి కొట్టు, లోపలికి రా, ఏమీ జరగనట్టు కూర్చో. బెల్ మోగితే ఎవరూ రారు, ఏమీ కాదు అని దానికి తెలియాలి. చాప ఒకటి వేసి, బెల్ మోగితే వెళ్ళి ఆ చాప మీద పడుకోవడం నేర్పు.

ఈలోపు మరీ తప్పనిసరైతే ఒక పని చెయ్యి. అది మొరిగి నిన్ను పొడవగానే లేచి, దాని వెనకే వెళ్ళి, చప్పుడు ఎక్కడిదో చూడు. ఊరుకుంటుంది. నువ్వు లేవకపోతేనే అది అలా మొరుగుతూ ఉంటుంది.

అక్క

*

రెండో అంతస్తు
సోమవారం

అక్కా,

నీ చివరి ముక్క చదివి, బెల్ మోగి బొగ్గు పొడవగానే లేచి దాని వెనక వెళ్ళాను. టక్కున నోరు మూసేసింది. తోక ఊపుతూ తలుపు దగ్గర నిలబడింది, పని పూర్తి చేసిన గుమాస్తాలాగా. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. మొరిగితే ఏమీ రాకూడదని మొదటి ఉత్తరంలో రాసినదానివి, మొరగగానే లేచి వెళ్ళమని ఎలా రాశావు? లేస్తే ఊరుకుంటుందని నీకెలా తెలుసు?

నిన్న ఇంకొకటి జరిగింది. పొయ్యి మీద కెటిల్ పెట్టి, మరిచిపోయి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నేను చదివింది నేనే వింటున్నాను. బొగ్గు వచ్చి పొడిచింది. తోసేశాను. మళ్ళీ పొడిచింది. ఈసారి చొక్కా పట్టుకుని లాగింది. తిట్టుకుంటూ దాని వెనకే వెళితే వంటగది నిండా పొగ, కెటిల్ మాడి నల్లగా అయిపోయింది. అది ఎంతసేపు మొరిగిందో నాకు ఒక్క ముక్కా వినపడలేదు.

అక్కా, ఈ కుక్కకి మొరగడం జబ్బు కాదు. దానికెవరో కూర్చుని నేర్పారు. చెవులు వినపడనివాళ్ళకి చెప్పినట్టు చెబుతోంది. పిల్లి వస్తే చెప్పదు, ఎందుకంటే పిల్లి వస్తే లేవాల్సిన పని లేదు.

దీన్ని ఇక్కడ వదిలి వెళ్ళిన రోజు మెట్లు దిగుతుంటే నిన్ను వెనక నుంచి పిలిచాను. గొడుగు మరిచిపోయావని. ఎంత పిలిచినా నువ్వు తిరిగి చూడలేదు. కుక్కని వదిలి వెళుతున్న బాధలో ఉందిలే అని సరిపెట్టుకున్నాను గానీ, లోపల నాకు కష్టంగానే ఉంది. ఇన్ని నెలలూ ఉంది.

సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. నీకు వినపడటం లేదా?

తమ్ముడు

*

ఫ్యాక్టరీ క్వార్టర్స్
గురువారం

తమ్ముడూ,

కుక్కకి బుద్ధి నేర్పమంటే నాకు వైద్యం మొదలుపెట్టావా? నా చెవులు బాగానే ఉన్నాయి. చెవులు లేనిదాన్ని మిషన్ల దగ్గర ఉంచుతారా? ఆ రోజు మెట్ల దగ్గర వీధిలో అంత రొదగా ఉంటే ఎవరికి మాత్రం వినపడుతుంది? కుక్క అన్నాక కెటిల్‌కి మొరగదా?

నెలాఖరు దగ్గర పడుతోంది. నీ పరిశోధనలు ఆపి దాని నోరు ఆపు. చాప, బెల్, ముక్క, అన్నీ రాశాను, మళ్ళీ చదువుకో. దాన్ని గోడౌన్‌కి పంపకుండా చూడు. నాకు కావాల్సింది అంతే.

అక్క

*

రెండో అంతస్తు
ఆదివారం

అక్కా,

నీ మాట నెగ్గింది. బొగ్గు మొరగడం మానేసింది.

ఎలా మానిందో వింటే నీకు జాలి వేస్తుంది. దాని మీద కాదు, నా మీద. రికార్డింగ్ పక్కన పడేసి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా బయటికి వెళ్ళి బెల్ కొట్టడం, లోపలికి వచ్చి కూర్చోవడం. ఎదురింటాయన నన్ను చూసి "తాళం మరిచిపోయారా?" అని అడిగి అడిగి విసుగెత్తి ఊరుకున్నాడు. అది మొరిగి, వచ్చి పొడిచినప్పుడల్లా గోడ వైపు చూస్తూ రాయిలా కూర్చున్నాను. అన్నిటికంటే అదే కష్టమైంది. ఎందుకంటే అది తలుపు వైపూ నా వైపూ మార్చి మార్చి చూసేది, వీడికి ఎన్నిసార్లు చెప్పాలి అన్నట్టు. నేను లేవలేదు. చివరికి అదే లేవడం మానేసింది. ఇప్పుడు బెల్ మోగితే వెళ్ళి చాప మీద పడుకుంటుంది. కెటిల్ ఈల వేస్తే చెవి కూడా కదపదు.

ఓనరమ్మ పైకి వచ్చి "కుక్క ఉందా, ఇచ్చేశారా?" అని అడిగింది. ఇంతకంటే మెచ్చుకోలు ఏముంటుంది! గోడౌన్ ఆయన్ని పంపించేశాను. నాకు పనీ నిలబడింది, ఇల్లూ నిలబడింది.

సంతోషంగా ఉండాల్సింది. లేను. అది ఏదో పోగొట్టుకున్నట్టు పడుకుంటోంది, దాన్ని చూస్తుంటే నాకు చిరాకు వేస్తోంది. అయినా నీ చెవులు బాగానే ఉన్నాయి కదా, ఇబ్బందేముంది.

తమ్ముడు

*

ఫ్యాక్టరీ క్వార్టర్స్
మంగళవారం

తమ్ముడూ,

నువ్వు అడిగినప్పుడే చెప్పాల్సింది.

వినపడటం లేదురా. ముందు సన్నని చప్పుళ్ళు పోయాయి, ఈల, బెల్, ఫోన్. తరవాత వెనక నుంచి పిలిచే మాటలు పోయాయి. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి పట్టేస్తాను. మిషన్ మీద అరచెయ్యి పెడితే ఎక్కడ పట్టేస్తోందో, ఏ చక్రం పన్ను అరిగిందో చేతికే తెలుస్తుంది. అందరూ ఇంకా నేను విని చెబుతున్నాననే అనుకుంటున్నారు. నేనూ అనుకోనిచ్చాను.

బొగ్గు ముందు దానంతట అదే చెప్పింది, కెటిల్ మాడిపోతుంటే. ముక్క పెట్టాను. తరవాత బెల్ నేర్పాను, ఫోన్ నేర్పాను, ఎవరైనా పిలిస్తే చెప్పడం నేర్పాను. దాని మొరుగుడు కూడా నాకు సన్నగిల్లుతున్నప్పుడు వచ్చి పొడవడం నేర్పాను. అది బిస్కెట్ కోసం చేసేది కాదురా. నేను లేచి వెళితే దానికి అదే పండగ.

క్వార్టర్స్‌లో కుక్కలు ఉండకూడదన్న రూలు ఏమీ లేదు. సూపర్‌వైజర్ ఒకరోజు ఏదో పని మీద వచ్చి, తలుపు తీసిన నన్ను చూసి, "కుక్క చెబితే గానీ మీరు లేవరా అమ్మా?" అని నవ్వాడు. బట్టల మూటలు మోసే ట్రాలీ హారన్ వినపడనివాళ్ళని కుట్టు హాల్లో ఉంచరు. అదీ ఇక్కడి రూలు. ఇది నా పక్కన ఉన్నంతకాలం ఎవరో ఒకరు కనిపెట్టేస్తారని భయపడి నీకు అంటగట్టాను. ఆ పైన కూర్చుని, నేనే కష్టపడి నేర్పినదాన్ని నీ చేత కష్టపడి మాన్పించాను. ఉత్తరం వెనక ఉత్తరం రాసి మరీ.

నిన్న హాల్లో ట్రాలీ నా వెనకే వచ్చింది. కుట్టు సరిచూసే చెకింగ్ ఆవిడ జబ్బ పట్టుకుని లాగకపోతే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. "ఏ లోకంలో ఉన్నావు?" అని తిట్టింది. ఏదో ఆలోచిస్తున్నానని అబద్ధం చెప్పాను.

నాకు బొగ్గు కావాలి. దాన్ని తీసుకురా.

అక్క

*

రెండో అంతస్తు
శుక్రవారం

అక్కా,

నీ మీద ఎంత కోపంగా ఉందంటే, ఈ ఉత్తరం చించి మళ్ళీ మొదలుపెడుతున్నాను. నేను అడిగినప్పుడు "వినపడటం లేదు" అని రెండు మాటలు రాసి ఉంటే ఓనరమ్మతో నేనే పోట్లాడేవాణ్ణి. ఇల్లు పోతే పోయేది. నువ్వు నన్ను వైద్యుడని వెక్కిరించావు. నేను పంతం కొద్దీ దాని నోరు మూయించాను. ఇద్దరం కలిసి దాన్ని ఎందుకూ కొరగాకుండా చేశాం.

ఇప్పుడు నా అవస్థ చూడు. బెల్ కొట్టి లోపలికి పరిగెత్తుకు వస్తున్నాను. "మొరగవే, నా తల్లివి కదూ" అని బతిమాలుతున్నాను. అది నా వంక చూసి, బుద్ధిగా వెళ్ళి చాప మీద పడుకుంటోంది. చాప తీసేశాను. చాప ఉన్న చోట నేల మీద పడుకుంటోంది. చివరికి బెల్ కొట్టి నేనే మొరిగి చూపించాను. ఓనరమ్మ పైకి వచ్చింది. "కుక్క మానేసిందని మీరు మొదలుపెట్టారా?" అంది. ఆవిడ మెట్లు దిగగానే మళ్ళీ బెల్ కొట్టాను.

అయినా తీసుకొస్తున్నాను. ఆదివారం పొద్దున దిగుతాం. నేను తలుపు కొడితే నీకు తెలియదు. చెప్పాల్సింది నా పక్కన నిలబడి ఉంటుంది, పైగా నోరు విప్పదు. గడియ వెయ్యకుండా తలుపు దగ్గరగా వేసి ఉంచు. మేమే తోసుకుని వస్తాం.

తమ్ముడు

*

ఫ్యాక్టరీ క్వార్టర్స్
బుధవారం

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు వెళ్ళాక రెండు రోజులు బొగ్గుని గమనించాను. నన్ను వదిలి కదలదు, రాత్రి నా కాళ్ళ మీదే పడుకుంటుంది. కానీ ఏమీ చెప్పదు. చెకింగ్ ఆవిడ వచ్చి బెల్ కొట్టి కొట్టి వెళ్ళిపోయిందట, మర్నాడు హాల్లో దెబ్బలాడితే తెలిసింది. బెల్ మోగినప్పుడు ఇది తప్పకుండా గోడ పక్కకి వెళ్ళి పడుకునే ఉంటుంది. నువ్వు నేర్పిన చదువు గట్టిది.

దాని మీద విసుక్కుంటూ కూర్చుంటే ఒకటి తోచింది. ఇన్నాళ్ళూ నా బదులు అది నోరు చేసుకుంది. ఇప్పుడది మానేసింది, ఇక మిగిలింది నేనే. నిన్న పొద్దున సూపర్‌వైజర్ ఎదురుగా వెళ్ళి నిలబడి, "నాకు వినపడదండీ" అన్నాను. నా గొంతు ఎంత పెద్దగా వచ్చిందో నాకు తెలియదు. హాల్లో తలలన్నీ ఇటు తిరిగాయి. ఆయన ముందు నమ్మలేదు. తరవాత నా వెనక్కి వెళ్ళి ఏదో అన్నట్టున్నాడు, తిరిగి ముందుకు వచ్చేసరికి మొహం మారిపోయింది.

హాల్లోంచి తీసేశారు. వెనక చిన్న గదిలో బల్ల వేసి, చెడిన మిషన్లు అక్కడికే తెచ్చి పడేస్తున్నారు. అరచేత్తో చూస్తానంటే, చూడమన్నారు. చెవుల డాక్టరు రాసి ఇచ్చాక మిగతాది మాట్లాడతారట. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఇన్నేళ్ళు ఆ హాలు నాది. నీ మీదా, వాళ్ళ మీదా, నా చెవుల మీదా, అందరి మీదా కోపంగానే ఉంది. ఇది చదివి నన్ను ఓదార్చే ఉత్తరం రాయకు, ఇంకా కోపం వస్తుంది.

ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. అందరికీ తెలిసిపోయింది కనక ఇప్పుడెవరూ పిలవడం లేదు. నేరుగా వచ్చి భుజం తడుతున్నారు. ఇవాళ సాయంత్రం చెకింగ్ ఆవిడ క్వార్టర్స్‌లో నా గదిలోకి వచ్చి, వెనక నుంచి నా భుజం మీద చెయ్యి వేసింది. బొగ్గు గోడ పక్క నుంచి ఎగిరి లేచింది. మెడ మీద జుట్టు నిక్కబొడుచుకుని, నాలుగు కాళ్ళూ నేల మీద తన్నిపెట్టి, నోరు ఇంత తెరిచింది. నాకు ఎక్కడో దూరాన గొణిగినట్టు ఉంది, అంతే. చెకింగ్ ఆవిడ రెండు చెవులూ గట్టిగా మూసుకుని నా వైపు చూసి ఏదో అరుస్తోంది. పెదవులు చూశాను. "దీని నోరు మూయించవే!" అంటోంది.

లేస్తే ఊరుకుంటుంది కదా, నేను కదలకుండా కూర్చుని చూశాను.

అక్క